తొడ ఎముక విరిగిన రెండో రోజు ఊపిరి అందడం లేదు, ఎకో మాత్రం మామూలుగానే ఉంది: దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

రాత్రి డ్యూటీ (కొత్త సభ్యుడు)

అందరికీ నమస్కారం. నేను ఎముకల విభాగంలో పీజీ చేస్తున్నాను. ఇరవైల్లో ఉన్న ఒక యువకుడికి రోడ్డు ప్రమాదంలో కుడి తొడ ఎముక నడిమధ్యన, ఎడమ కాలి టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) పైభాగంలో విరిగాయి. తలకూ ఛాతీకీ పొట్టకూ దెబ్బ లేదని వచ్చిన రోజే సీటీలో చూసుకున్నాం. ట్రాక్షన్ పెట్టి (బరువుతో కాలిని లాగి ఉంచి), మర్నాడు ఉదయం ఎముక కాలువలో రాడ్ వేద్దామనుకున్నాం గానీ వేరే అత్యవసర కేసుల వల్ల అది వాయిదా పడింది.

ప్రమాదం జరిగి 36 గంటలు దాటాక ఆక్సిజన్ శాతం మామూలు గాలి మీద 84కు పడిపోయింది. మాస్కు పెడితే 92 వస్తోంది. నాడి 128, శ్వాస నిమిషానికి 34, జ్వరం 38.4 డిగ్రీల సెల్సియస్, బీపీ 104/66. మధ్యాహ్నం వరకు చక్కగా మాట్లాడిన మనిషి ఇప్పుడు తాను ఎక్కడున్నదీ చెప్పలేకపోతున్నాడు. ఛాతీ ఎక్స్‌రేలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి 58 మి.మీ. వచ్చింది. పడక దగ్గరే ఎకో (శబ్ద తరంగాలతో గుండెను చూసే పరీక్ష) చేశారు. కుడి జఠరిక సైజు మామూలుగానే ఉందనీ, ఎడమ జఠరిక బలంగా కొట్టుకుంటోందనీ, గుండె చుట్టూ నీరు లేదనీ రాశారు. ‘ఎకో బాగుంది కాబట్టి ఎంబాలిజం (గడ్డో కొవ్వో రక్తనాళంలో అడ్డుపడటం) కాదు, న్యుమోనియా కోసం చూడండి’ అని ఒకరు తేల్చేశారు. ఆ మాట నాకు మింగుడుపడటం లేదు. మామూలు ఎకో ఎంబాలిజాన్ని కొట్టిపారేయగలదా?

ఐసీయూ కాపలా (సీనియర్ సభ్యుడు)

కొట్టిపారేయలేదు. ముందుగా ఆ మాట స్పష్టంగా చెప్పి, తర్వాత కారణం రాస్తాను.

పడక దగ్గర చేసే ఎకోకు గడ్డ కనిపించడం, కొవ్వు కనిపించడం చాలా అరుదు. మనకు కనిపించేది ఊపిరితిత్తుల రక్తనాళాలు మూసుకుపోవడం వల్ల కుడి జఠరిక పడే అవస్థ మాత్రమే. ఆ నాళాల్లో మూడోవంతు నుంచి సగం దాకా మూసుకుపోతే తప్ప ఒత్తిడి గట్టిగా పెరగదు కాబట్టి, అంతకన్నా తక్కువ మూసుకున్న రోగి గుండె తెర మీద నిశ్చింతగానే కనిపిస్తుంది. ఊపిరితిత్తుల్లో గడ్డల విషయంలో యూరోపియన్ గుండె వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఎకో మామూలుగా ఉన్నంత మాత్రాన గడ్డ లేదని చెప్పకూడదనే అంటున్నాయి. ఎకో మామూలుగా ఉన్నవారిలో నిజంగానే జబ్బు లేనివారు 40–50 శాతమే.

కొవ్వు ఎంబాలిజంలో ఇంకొక మెలిక ఉంది. ఎముక విరిగినప్పుడు మజ్జలోని కొవ్వు చిరిగిన సిరల్లోకి దూరి, కుడి గుండె మీదుగా ఊపిరితిత్తులకు చేరి అడ్డుపడుతుంది. ఇది యాంత్రికమైన భాగం. ఆ తర్వాత అక్కడి లైపేజ్ ఎంజైము ఆ కొవ్వును విడగొడితే పుట్టే ఫ్యాటీ ఆమ్లాలు రక్తనాళాల లోపలి పొరను కాల్చినట్టు దెబ్బతీస్తాయి. దాంతో నీరు గాలి గదుల్లోకి కారుతుంది. ఈ రెండో భాగం వల్లనే దెబ్బ తగిలిన వెంటనే కాకుండా 24 నుంచి 72 గంటల మధ్య లక్షణాలు బయటపడతాయి. ఈ దశలో రోగికి ఆక్సిజన్ పడిపోవడానికి కారణం నాళాలు మూసుకోవడం కన్నా ఊపిరితిత్తి కారడం కాబట్టి, కుడి జఠరిక పెద్దది కాకుండానే మనిషి నీలంగా మారవచ్చు. మీ రోగి సరిగ్గా ఆ గంటల్లోనే ఉన్నాడు.

అయితే ఆ ఎకో వృథా కాలేదు. గుండె చుట్టూ రక్తం చేరలేదని, ఎడమ జఠరిక నీరసపడలేదని, ప్రాణాంతకమైన పెద్ద గడ్డ ఈ క్షణంలో లేదని అది చెప్పింది. రేపు పోల్చి చూసుకోవడానికి ఒక మొదటి చిత్రాన్ని కూడా ఇచ్చింది. నాలుగైదు గంటల్లో మళ్లీ చేయించండి. మనిషి మారినప్పుడల్లా మళ్లీ చూడగలగడం కోసమే ఆ యంత్రాన్ని పడక దగ్గరికి తెచ్చుకునేది.

వార్డు సిస్టర్

డాక్టర్ గారూ, నేను ఇరవై ఏళ్లుగా ఐసీయూలో నర్సుగా చేస్తున్నాను. ఆ బాబు గౌను ఒకసారి పూర్తిగా తీసి, రెండు చంకలూ, మెడ ముందు భాగమూ, ఛాతీ పైభాగమూ మంచి వెలుతురులో చూడండి. కింది కనురెప్పను కిందికి లాగి లోపల చూడండి. ఎర్రటి సన్నని చుక్కలు, వేలితో నొక్కినా రంగు పోనివి ఉంటాయి. వీపు మీద వెతికితే దొరకవు. చాలాసార్లు చేతులు పక్కకు ఆనించి పడుకోబెట్టడం వల్ల చంక ఎవరి కంటికీ పడదు, పైగా ఒకటి రెండు రోజుల్లో అవి మాసిపోతాయి. స్కానింగ్ యంత్రం ఎలాగూ అక్కడే ఉంది, దాని పక్కన టార్చి లైటు కూడా పెట్టుకోండి.

రాత్రి డ్యూటీ

సిస్టర్ గారూ, మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కుడి చంకలో ముందు ముడత పొడుగునా ఆవగింజలో సగం కూడా లేని చుక్కలు ముప్పై దాకా ఉన్నాయి, ఎడమ కింది రెప్ప లోపల మరో నాలుగు ఉన్నాయి. సాయంత్రం రౌండ్లలో నలుగురం చూశాం, ఒక్కరమూ చెయ్యి ఎత్తి చూడలేదు.

షాన్‌ఫెల్డ్ మార్కుల లెక్క (కొవ్వు ఎంబాలిజమా కాదా అని తేల్చేది) ప్రకారం చుక్కలకు 5, ఆక్సిజన్ 70 మి.మీ. కన్నా తక్కువ ఉన్నందుకు 3, అయోమయానికి, జ్వరానికి, నాడికి, శ్వాసకు ఒక్కొక్కటి, మొత్తం 12 వచ్చింది. 5 దాటితే చాలంటారు కదా. ఈ లెక్కలో ఎకోకు ఒక్క మార్కు కూడా లేకపోవడం ఇప్పుడే గమనించాను.

ఎముకగూడు (సీనియర్ సభ్యుడు)

ఉండదు మరి. గర్డ్ లక్షణాల పట్టిక 1970 నాటిది, షాన్‌ఫెల్డ్ లెక్క 1983 నాటిది. అప్పటికి పడక దగ్గరికి ఎకో వచ్చే కాలం కాదు. జర్మన్ వైద్యుడు జెంకర్ 1862లో నలిగిపోయి చనిపోయిన ఒక రైల్వే కార్మికుడి ఊపిరితిత్తుల్లో కొవ్వు చూసి రాసిన నాటి నుంచి, బతికున్న మనిషిలో ఈ జబ్బును కళ్లతోనూ చేతులతోనూ పోల్చుకోవడమే మనకు తెలిసిన విద్య. ఇప్పటికీ చుక్కల ముందు ఎకో దిగదుడుపే అని నా అభిప్రాయం. చుక్కలు అందరిలోనూ రావు, అదొక్కటే చిక్కు.

ఎకో మీద నాకున్న అనుమానానికి ఒక కారణం ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుపడటం లేదు. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో డెబ్భై దాటిన పెద్దాయన తొడ ఎముక మెడ విరిగి చేరారు. జీవితమంతా పొగ తాగిన మనిషి. మూడో రోజు తెల్లవారుజామున బీపీ పడిపోయి ఆయాసం వచ్చింది. అప్పుడే కొత్తగా యంత్రం వచ్చింది, అందరికీ ఉత్సాహం. ప్రోబ్ (ఛాతీకి ఆనించే ఎకో పరికరం) పెడితే కుడి జఠరిక ఎడమదాని కన్నా పెద్దగా కనిపించింది. ‘పెద్ద గడ్డ’ అన్నాం, గడ్డ కరిగించే మందు ఎక్కించాం. రెండు గంటల్లో విరిగిన తొడ కుండలా ఉబ్బింది. ఆ రక్తస్రావం నుంచి ఆయనను కాపాడలేకపోయాం. తర్వాత ఆ రికార్డింగును తీరిగ్గా చూసిన గుండె డాక్టరు గారు, కుడి జఠరిక గోడ 8 మి.మీ. మందం ఉందనీ, కవాటం దగ్గర వెనక్కి తన్నే రక్తం వేగం సెకనుకు 4.3 మీటర్లు ఉందనీ చూపించారు. అది ఆ రాత్రి పెరిగిన గుండె కాదు, పొగ వల్ల ఏళ్ల తరబడి పెరిగిన గుండె. ఆయనకు నిజంగా వచ్చింది న్యుమోనియా. మేము జఠరిక ఎంత పెద్దదో చూశాం గానీ గోడ మందం కొలవలేదు.

ఎకోగది

ఎముకగూడు గారు చెప్పిన సంఘటనను నేను నా విద్యార్థులకు చెప్పే పాఠంగా వాడుకోవచ్చా? ఆ రెండు కొలతల్లోనే సగం విద్య ఉంది. అప్పటిదాకా మామూలుగా ఉన్న కుడి జఠరిక పలుచని సంచి వంటిది, అకస్మాత్తుగా భారం పడితే 60 మి.మీ. పాదరసానికి మించిన ఒత్తిడిని అది పుట్టించలేదు. వెనక్కి తన్నే రక్తం వేగాన్ని వర్గం చేసి నాలుగుతో గుణిస్తే ఒత్తిడి తేడా వస్తుంది. 4.3 మీటర్లకు దాదాపు 74 వస్తుంది. అంత బలం ఒక్క రాత్రిలో రాదు. గోడ 5 మి.మీ. దాటి మందంగా ఉంటే కూడా భారం పాతదేనని అనుమానించాలి. అందుకే ‘కుడి జఠరిక పెద్దదిగా ఉంది’ అని రాసి ఊరుకున్న నివేదికను నేను సగం నివేదికగానే లెక్కిస్తాను.

రాత్రి డ్యూటీ గారికి మరో విషయం. ఎముకలు విరిగిన రోగిని ఎడమ పక్కకు ఒత్తిగించలేము, ట్రాక్షన్‌లో ఉంటాడు, పక్కటెముకలు విరిగి ఉంటే ప్రోబ్ ఆనించనివ్వడు, వెంటిలేటర్ మీద ఉంటే ఊపిరితిత్తి అడ్డం వస్తుంది. ఇటువంటివారిలో రొమ్ము పక్క నుంచి చూడాలని అరగంట పెనుగులాడే బదులు నేరుగా ఉరఃపంజరం కింద, పొట్ట పై భాగం నుంచి చూడండి. ప్రోబును దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకుని, దాని మీది గుర్తు రోగి ఎడమ వైపు ఉంచి, కాలేయాన్ని కిటికీలా వాడుకుంటే నాలుగు గదులూ, గుండె చుట్టూ ఉన్న ఖాళీ స్థలమూ, కుడి జఠరిక గోడ మందమూ ఒకే చోట దొరుకుతాయి. అక్కడి నుంచే తిప్పితే కింది మహాసిర కనిపిస్తుంది.

జఠరిక సైజును మాత్రం గుండె కొన నుంచి కనిపించే చిత్రంలోనే తేల్చాలి. అక్కడ కుడి జఠరిక ఎడమదానిలో మూడింట రెండు వంతులకు మించకూడదు. సమానమైతే భారం పడినట్టే, మించితే తీవ్రంగా పడినట్టు. ఇదే చిత్రంలో ప్రోబును కొద్దిగా పక్కకు తిప్పితే ఎంత పెద్ద జఠరికైనా చిన్నదిగానూ, చిన్నది పెద్దదిగానూ కనిపించగలదు కాబట్టి, ఎడమ జఠరిక కొన సరిగ్గా మధ్యలోకి వచ్చేదాకా కొలవవద్దు. ట్రైకస్పిడ్ కవాటం (కుడి కర్ణికకూ కుడి జఠరికకూ మధ్యది) అంచు ప్రతి కొట్టుకు కిందికి దిగే దూరం 17 మి.మీ. కన్నా తగ్గితే కుడి వైపు బలం తగ్గినట్టు లెక్క.

మెకానెల్ గుర్తు గురించి ఎవరో ఒకరు అడుగుతారు. కుడి జఠరిక గోడ నడుమ కదలక, కొన మాత్రం గంతులు వేస్తుంటుంది. 1996లో రాసిన ఆ గుర్తు గడ్డను గట్టిగా సూచిస్తుంది గానీ, కుడి జఠరికకు గుండెపోటు వచ్చినా అలాగే కనిపిస్తుంది. గడ్డకూ కొవ్వుకూ తేడా కూడా అది చెప్పదు, ఎందుకంటే జఠరికకు తన ముందు అడ్డంగా ఏముందో తెలియదు, బరువు మాత్రమే తెలుస్తుంది.

రాత్రి డ్యూటీ

పరిస్థితి మారింది. ఆయాసం ఎక్కువై రాత్రి ఒంటిగంటకు గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టాం. గంట తర్వాత బీపీ 82/50కి జారింది. మళ్లీ ఎకో చేస్తే కుడి జఠరిక ఎడమదానితో సమానంగా ఉంది, మధ్య గోడ చదునై ఎడమ జఠరిక అడ్డుకోతలో ఆంగ్ల డీ అక్షరంలా కనిపిస్తోంది, కవాటం కదలిక 14 మి.మీ., కింది మహాసిర 2.3 సెం.మీ. ఉండి ఊపిరితో మారడం లేదు. కుడి జఠరిక గోడ 4 మి.మీ. (ఈసారి కొలిచాను). బీపీ తక్కువగా ఉందని ఒక లీటరు సెలైన్ వేగంగా ఎక్కించమని ఆదేశం వచ్చింది. ఎక్కించాలా?

ఐసీయూ కాపలా

మీ చిత్రంలో మధ్య గోడ ఎటు ఒరిగిందో చూడండి, సమాధానం అక్కడే ఉంది. కుడి జఠరిక ఇప్పటికే నిండి, గోడను ఎడమ వైపుకు నెడుతోంది. ఎడమ జఠరికకు నిండే చోటు తగ్గి, అది పంపే రక్తం తగ్గి, బీపీ పడుతోంది. ఈ స్థితిలో ఇంకో లీటరు పోస్తే కుడి వైపు మరింత ఉబ్బి ఎడమ వైపు మరింత నలుగుతుంది. ఆపండి. బీపీకి నారడ్రినలిన్ మొదలుపెట్టండి. కుడి జఠరికకు రక్తం అందాలన్నా బీపీ నిలబడాలి.

అంతకన్నా ముందు వెంటిలేటర్ వైపు చూడండి. మొదటి ఎకోలో లేని భారం గొట్టం వేసిన గంటలోనే వచ్చింది. గాలిని ఒత్తిడితో నెట్టడం, పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తిలో మిషన్ నిలిపి ఉంచే ఒత్తిడి) ఎక్కువ పెట్టడం, కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం, ఈ మూడూ ఊపిరితిత్తుల నాళాలను బిగదీస్తాయి. కొవ్వు వల్ల అప్పటికే అంచు మీద నిలబడి ఉన్న జఠరికను మనం పెట్టిన మిషనే తోసి ఉండవచ్చు. పీప్ ఎంత? కార్బన్ డయాక్సైడ్ ఎంత? వెంటిలేటర్ మీద ఉన్నవాడి మహాసిర వెడల్పును చూసి నీరు ఎక్కువైందనో తక్కువైందనో తేల్చకండి, గాలి ఒత్తిడి వల్లనే అది ఉబ్బుతుంది.

ఒక హెచ్చరిక. ఇదే బీపీతో ఎకోలో రెండు జఠరికలూ చిన్నవిగా ఉండి, ఎడమ జఠరిక గోడలు ఒకదానినొకటి ముద్దాడుతున్నట్టు కనిపిస్తే నా సలహా పూర్తిగా తలకిందులయ్యేది. మూసి ఉన్న తొడలోనే లీటరు, లీటరున్నర రక్తం దాక్కోగలదు, కటి ఎముక విరిగితే ఇంకా చాలా ఎక్కువ. అప్పుడు కావలసింది రక్తమే. ఎముకలు విరిగిన మనిషికి బీపీ పడినప్పుడు ‘నింపాలా, ఆపాలా’ అనే ప్రశ్నకు రెండు నిమిషాల్లో జవాబు చెప్పగలిగేది ఎకో ఒక్కటే. ఎముకగూడు గారికి నా సమాధానం కూడా ఇదే. జబ్బు పేరు చెప్పడంలో మీ చుక్కలు గెలుస్తాయి, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు ఎక్కించబోయిన ఆ లీటరు సెలైన్‌ను చుక్కలు ఆపలేవు.

గడ్డ సంగతి ఇంకా తేలలేదు. దెబ్బ తగిలినవారిలో మొదటి రెండు రోజుల్లోనే గడ్డలు రావడం ఉంది. అదే యంత్రానికి ప్రోబు మార్చి రెండు గజ్జల్లోనూ మోకాలి వెనుకా సిరలను నొక్కి చూడండి, నలగని సిర ఉంటే చాలావరకు జవాబు దొరికినట్టే. విరిగిన తొడ వైపు జాగ్రత్త, దొరికినంత మేరకే చూడండి. కుదుటపడగానే ఊపిరితిత్తుల సీటీ యాంజియో (రక్తనాళాలు కనిపించే సీటీ) తీయించండి. గడ్డ కరిగించే మందు ఆలోచన మాత్రం ఇప్పుడు వద్దు. మూడు వారాల లోపు పెద్ద దెబ్బ తగిలిన మనిషికి అది నిషిద్ధం, పైగా కొవ్వును అది కరిగించదు.

రాత్రి డ్యూటీ

పీప్ 12 ఉంది, కార్బన్ డయాక్సైడ్ 61. పీప్ 8కి తగ్గించి, శ్వాసల సంఖ్య పెంచాం. సెలైన్ ఆపి నారడ్రినలిన్ మొదలుపెట్టాం. నలభై నిమిషాల్లో బీపీ 108/64కి వచ్చింది. కుడి జఠరిక కొద్దిగా తగ్గింది. సిరలన్నీ నొక్కితే నలిగాయి.

మత్తుమందు

నేను ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చే డాక్టర్‌ను. ఐసీయూలో మీరు ఫలితాన్ని చూస్తారు, అది జరుగుతుండగా చూసే అవకాశం నాకు దొరుకుతుంది, కాబట్టి ఒకసారి చూసింది చూసినట్టు రాస్తాను.

తొడ ఎముకకు రాడ్ వేస్తున్నారు. ప్రమాదం ఎక్కువున్న రోగి కాబట్టి అన్నవాహికలోకి ప్రోబ్ దింపి గుండెను వెనుక నుంచి చూస్తున్నాను. ఎముక కాలువను మొదటిసారి తెరిచినప్పుడు కుడి కర్ణికలో నాలుగైదు తెల్లని నలుసులు తిరిగాయి. మొదటి రీమరు (ఎముక కాలువను తొలిచి వెడల్పు చేసే పరికరం) లోపలికి వెళ్లిన పది సెకన్లకు కింది మహాసిర ద్వారం నుంచి చక్కెర పలుకులు విరజిమ్మినట్టు తెల్లని జల్లు మొదలై, కర్ణిక నిండి, కవాటం తెరుచుకున్నప్పుడల్లా ముద్దగా జఠరికలోకి జారింది. నడుమ నడుమ పొడవాటి దారపు ముక్క లాంటిదొకటి మెలికలు తిరుగుతూ పోయింది. రీమరు బయటికి తీయగానే జల్లు పలుచబడింది. తర్వాతి రీమరుతో మళ్లీ వచ్చింది. కాలువ లోపలి ఒత్తిడి ఆ క్షణంలో కొన్ని వందల మి.మీ. పాదరసానికి చేరుతుంది కాబట్టి మజ్జకు సిరల్లోకి పోవడం తప్ప మరో దారి ఉండదు. ఇంతా జరిగి రోగి బీపీ కదల్లేదు, మర్నాడు లేచి కూర్చుని కాఫీ అడిగాడు. తెర మీద అంత జల్లు కనిపించినా జబ్బు రాని వారే ఎక్కువ. పొడవాటి ఎముక విరిగిన దాదాపు ప్రతివారి రక్తంలోనూ కొవ్వు తిరుగుతుంది, జబ్బుగా మారేది కొద్దిమందిలోనే. అందుకే జల్లును చూసి జబ్బు పేరు పెట్టకూడదని నేర్చుకున్నాను. నేను చూసేది ఆ జల్లు తర్వాత జఠరిక ఎలా ఉందన్నది.

తుంటి కీలు మార్పిడిలో సిమెంటు పెట్టేటప్పుడూ ఇదే కథ. 2009లో డొనాల్డ్‌సన్ బృందం ఇచ్చిన వర్గీకరణలో ఆక్సిజన్ శాతం 94 కన్నా తగ్గడమో, పై బీపీ 20 శాతానికి మించి పడటమో జరిగితే మొదటి దశ, గుండె ఆగి ఛాతీ నొక్కవలసి వస్తే మూడో దశ.

రాత్రి డ్యూటీ గారూ, మీ రోగికి అయోమయం ఎందుకు వచ్చిందో ఇంకా ఎవరూ అడగలేదు. బుడగల పరీక్ష (సిరలోకి సన్నని గాలి బుడగలు పంపి ఎకోలో చూడటం) చేయించండి. ప్రతి నలుగురిలో ఒకరికి కర్ణికల మధ్య పుట్టుకతో ఉండే చిన్న తలుపు పూర్తిగా మూసుకుని ఉండదు. మామూలు రోజుల్లో ఎడమ వైపు ఒత్తిడి దానిని మూసి ఉంచుతుంది. కుడి వైపు ఒత్తిడి పెరిగిన రాత్రి అది తెరుచుకుని కొవ్వును నేరుగా మెదడుకు పంపగలదు.

ఒక కొడుకు (అతిథి)

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. నేను డాక్టర్‌ను కాను. మా అమ్మకు 81 ఏళ్లు, తుంటి విరిగింది. గుండెలో ఏదో చప్పుడు వినిపిస్తోందని, ఎకో చేయనిదే మత్తు ఇవ్వలేమని అంటున్నారు. ఎకో డాక్టరు గారు సోమవారం గానీ రారట. ఆగాలా?

మత్తుమందు

మీ అమ్మగారికి ఆ చప్పుడు బృహద్ధమని కవాటం సన్నబడటం వల్ల కావచ్చు, ఆ వయసులో అది తరచుగా చూస్తాం. అది తీవ్రంగా ఉందని ముందే తెలిస్తే మత్తు ఇచ్చే పద్ధతి, బీపీని కాపాడుకునే తీరు మారతాయి కాబట్టి వాళ్ల జాగ్రత్తలో తప్పు లేదు. అయితే పూర్తిస్థాయి ఎకో కోసం రోజుల తరబడి పడుకోబెట్టడం కూడా ప్రమాదమే. తుంటి విరిగిన పెద్దవారికి వీలైనంత వరకు 36 నుంచి 48 గంటల్లోపు ఆపరేషన్ జరగాలని కోరుకుంటాం. పడక దగ్గరే మత్తు డాక్టరో ఐసీయూ డాక్టరో పది నిమిషాల్లో కవాటం కదలిక, ఎడమ జఠరిక బలం చూసి చెప్పగలరేమో గౌరవంగా అడగండి. అదీ కుదరకపోతే కవాటం తీవ్రంగా సన్నబడిందనే అనుకుని, తగిన జాగ్రత్తలతో మత్తు ఇవ్వడానికి వీలుంటుందేమో అడగండి. నిర్ణయం మాత్రం ఆమెను కళ్లారా చూస్తున్నవారిదే.

ఒక కొడుకు (అతిథి)

కృతజ్ఞతలు మేడమ్. వెంటనే అడుగుతాను.

ఎకోగది

ఇదే సందర్భంలో ఒక మాట. రొమ్ము ఎముక విరిగినవారిలో కుడి జఠరిక సరిగ్గా దాని వెనుకే ఉంటుంది కాబట్టి, ఈసీజీలో తేడా వచ్చినా బీపీ నిలవకపోయినా ఎకో తప్పనిసరి. తుంటి విరిగిన పెద్ద వయసు స్త్రీలలో నొప్పి, భయం వల్ల ఎడమ జఠరిక కొన బుడగలా ఉబ్బి కదలకుండా పోయే టకోట్సుబో అనే స్థితి కూడా ఉంది. 1990లో జపాన్‌లో దానికి ఆ పేరు పెట్టారు, ఆక్టోపస్‌ను పట్టే కుండ ఆకారం అది. గుండెపోటు అనుకుని వాళ్ల ఆపరేషన్‌ను నెలల తరబడి వాయిదా వేయకుండా ముందు ఆ చిత్రాన్ని గుర్తుపట్టాలి.

రాత్రి డ్యూటీ

సీటీ యాంజియోలో గడ్డ లేదు. రెండు వైపులా మసక అద్దం లాంటి మచ్చలు వచ్చాయి. బుడగల పరీక్ష మూడో రోజు ఉదయం చేశాం. తొమ్మిది మిల్లీలీటర్ల సెలైన్, ఒక మిల్లీలీటరు గాలి, రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ చిలికి చేతి సిరలోకి ఇచ్చాం. రోగి వెంటిలేటర్ మీద ఉన్నాడు కాబట్టి ముక్కమని చెప్పలేం, అందుకని మిషన్‌తో ఊపిరిని కొన్ని సెకన్లు బిగబట్టించి వదిలాం. వదిలిన రెండో కొట్టుకే ఎడమ కర్ణికలో పదిహేను దాకా బుడగలు కనిపించాయి. మూడు కొట్టుల లోపు వస్తే కర్ణికల మధ్య తలుపు అనీ, ఆలస్యంగా వస్తే ఊపిరితిత్తుల్లో అడ్డదారి అనీ ఎకోగది గారి పాత పోస్టులో చదివాను. ఎంఆర్‌ఐలో మెదడు నిండా చీకటి ఆకాశంలో నక్షత్రాల మాదిరి తెల్ల చుక్కలు.

ఇక తొడ ఎముక మిగిలింది. దాన్ని అలా వదిలేస్తే కదిలినప్పుడల్లా కొవ్వు వస్తుంది, రాడ్ వేస్తే జల్లు వస్తుంది. ఏం చేయాలి?

ఐసీయూ కాపలా

తలుపు దొరికినంత మాత్రాన మెదడు కథ అంతా దానిదే అనుకోవద్దు. కొవ్వు బొట్లు మెత్తగా సాగి ఊపిరితిత్తుల కేశనాళికల గుండా కూడా దాటగలవు, తలుపు లేనివారికీ మెదడు లక్షణాలు వస్తాయి. ఎముక సంగతి ఎముకగూడు గారే చెప్పాలి.

ఎముకగూడు

ఈ ప్రశ్న నాది కాబట్టి సూటిగా చెబుతాను. మొదటి 24 గంటల్లో ఎముకను బిగించి ఉంటే ఈ జబ్బు వచ్చే అవకాశం తగ్గేది, వాయిదా వేయడం దురదృష్టం. ఇప్పుడు కుడి జఠరిక ఇలా ఉండగా కాలువలోకి రీమరు పంపడం నాకిష్టం లేదు. బయటి నుంచి పిన్నులు వేసి ఫ్రేమ్ బిగించండి, ఇరవై నిమిషాల పని, కాలువ జోలికి పోనక్కర్లేదు. ఎముక కదలడం ఆగుతుంది. నారడ్రినలిన్ పూర్తిగా ఆగి, ఆక్సిజన్ అవసరం తగ్గి, ఎకోలో మధ్య గోడ మళ్లీ గుండ్రంగా అయ్యాక రాడ్‌కు మార్చండి. అప్పుడు కూడా పదునైన కొత్త రీమర్లు వాడి, నెమ్మదిగా, ఒకదానికీ మరొకదానికీ మధ్య ఆగుతూ వెళ్లమని మీ సార్‌తో చెప్పండి. పిన్నులు పెట్టి రెండు వారాలు దాటనివ్వకండి, రంధ్రాల్లో చీము పడితే రాడ్‌కు చేటు.

ఎకోకు ఒక్క మార్కు లేదని మీరు అన్న మాట గుర్తుంది. ఎప్పుడు రాడ్ వేయాలో నిర్ణయించడానికి మాత్రం నేనిప్పుడు దానినే అడుగుతున్నాను, ఐసీయూ కాపలా గారు ఇది చదివి నవ్వుకోవచ్చు.

మత్తుమందు

థియేటర్లో అన్నవాహిక ప్రోబ్ పెట్టించండి. జల్లు వచ్చిన ప్రతిసారీ సర్జన్ గారిని ఆపమనక్కర్లేదు. జఠరిక ఉబ్బడం, మధ్య గోడ ఒరగడం, ఎడమ కర్ణికలో నలుసులు, ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆపమనండి. స్టెరాయిడ్ల గురించి ఎవరైనా అడిగితే, జబ్బు వచ్చేశాక వాటి వల్ల మేలు జరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదని చెప్పండి.

రాత్రి డ్యూటీ

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. మూడో రోజు సాయంత్రమే ఫ్రేమ్ బిగించాం. ఐదో రోజుకు నారడ్రినలిన్ ఆగింది, ఏడో రోజు గొట్టం తీశాం. ఎనిమిదో రోజు ఎకోలో కుడి జఠరిక తన మామూలు సైజుకు వచ్చింది, కవాటం కదలిక 20 మి.మీ. బుడగల పరీక్ష మళ్లీ చేస్తే మామూలు ఊపిరిలో ఒక్క బుడగ కూడా దాటలేదు, ముక్కించినప్పుడు రెండు దాటాయి. ఆ తలుపును ముందే మూయించాలా అని గుండె డాక్టర్లతో మాట్లాడి, ఇప్పుడు వద్దనుకున్నాం.

పదో రోజు రాడ్ వేశాం. తెర ముందు నేనే నిలబడ్డాను. మత్తుమందు మేడమ్ గారు రాసిన చక్కెర పలుకుల జల్లును మొదటిసారి కళ్లతో చూశాను. మూడో రీమరు దగ్గర జల్లు చిక్కబడి, మధ్య గోడ కొద్దిగా చదునైనట్టు అనిపించి ‘సార్, ఒక్క నిమిషం’ అన్నాను. సార్ రీమరు బయటికి తీసి, రెండు చేతులూ గుడ్డ మీద పెట్టుకుని ఆగారు. నిమిషంన్నరకు గోడ మళ్లీ గుండ్రంగా అయింది. ఎడమ వైపు ఏమీ రాలేదు.

ఈ ఉదయం రౌండ్లకు వెళ్లేసరికి అతను తన ఫోన్ తెరిచే నంబరు గుర్తొచ్చిందని తమ్ముడికి చూపిస్తున్నాడు. నిన్నటిదాకా అది గుర్తు రాలేదు. మూడు నెలల తర్వాత మళ్లీ ఎకోకు రమ్మని చీటీ రాసిచ్చాను. ఆ చీటీలో, రేపు వేరొకరు పోల్చి చూసుకోవడానికి, కుడి జఠరిక గోడ మందం 4 మి.మీ. అని కూడా రాశాను.